ఇంటిలో మూత్రము విడుచు కుక్క



నేడు నేను చెప్పబోవు విషయమును విని మీలో కొందఱు నవ్వుకొందురేమో. ముప్పదినాలుగేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పిన తెలుగుపండితుడు రేడియో ముందు కూర్చుండి కుక్కమూత్రమును గూర్చి మాటలాడుట యేమి యని మీకు తోచవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. కాని మన పల్లెలలో కుక్క లేని వీధి లేదు. ఇంట పెంచిన కుక్క యొకనాడు వసారాలోనో నట్టింటనో మూత్రము విడిచినచో కఱ్ఱ తీయని యింటివారును అరుదు. కొందఱు కొట్టుటతో ఊరకుందురు. కొందఱు గోనెసంచిలో వేసి పొలిమేర దాటించి వత్తురు. ఆ రెండు పనులలో మొదటిది నేను స్వయముగ చేసినవాడను. రెండవది చేయుటకు సమ్మతించినవాడను. కావున ఈ విషయమున మాటలాడుటకు నాకు పాండిత్యము లేకున్నను అనుభవము కలదు.

మా యింట రాణి యను కుక్క యుండెడిది. నాటుజాతి ఆడుకుక్క. కన్నులు తెఱచిన కొలదిదినములకే మా పశువులకొట్టమునకు చేరి, మా చేతి అన్నముతోనే పెరిగినది. ఎనిమిదేండ్లు దానివలన మాకొక తొందరయు లేదు. తెల్లవారుజామున తలుపు తీసినతోడనే దొడ్డిలోనికి పరుగెత్తెడిది, పని ముగించుకొని వచ్చి అరుగుమీద పండుకొనెడిది. 2019వ సంవత్సరము శీతకాలమున ఒకనాడు దేవుని గది గడప యొద్దనే మూత్రము విడిచినది. మఱునాడు వసారాలో, ఆ మఱునాడు వంటయింటి వాకిట. మా కోడలు శుచి గల మనిషి. మూడుదినములు ఓర్చి, నాలుగవనాడు "మామయ్యగారూ, ఇది ఉండాలో నేనుండాలో మీరే చెప్పండి" అని చీపురు క్రింద పడవైచినది. మా అబ్బాయి ఏటి ఆవలి యొడ్డున దానిని విడిచి వచ్చెదననెను. నేను వలదనలేదు. అంతకుముందే నా చేతికఱ్ఱతో దానిని రెండు మారులు కొట్టియుంటిని. అది అరవలేదు. పొట్ట నేలకు ఆనించి నా పాదముల యొద్దకు ప్రాకి వచ్చినది. తప్పు తెలిసికొన్నదిగదా యని నేను సంతోషించితిని. ఆ సంతోషమును తలచుకొన్న నాకు నేటికిని సిగ్గగును.

అప్పుడు మా మనుమరాలు, ఏడేండ్ల పిల్ల, నన్నొక ప్రశ్న యడిగినది. "తాతయ్యా, నువ్వు రాత్రి నాలుగుసార్లు లేస్తావు కదా. నిన్నెవరూ కొట్టరేం?" అని. పెద్దలారా, మన వయసువారికి ఈ ప్రశ్నలోని సత్యమును వివరింపనక్కఱలేదు. నేను మాఱుపలుకలేదు. ఒక తెల్లని పాతగుడ్డ తెచ్చి రాణి విడిచిన తడిని అద్ది వెలుతురులో చూచితిని. గుడ్డ లేతయెఱుపు రంగు దేరియుండెను. మూత్రమున రక్తము పడుచుండెను.

పట్టణములోని పశువైద్యుని యొద్దకు దానిని తీసికొనిపోతిమి. ఆయన మూత్రమును పరీక్షించి, "పంతులుగారూ, ఇది అల్లరి కాదండి, జబ్బు. మూత్రాశయంలో సూక్ష్మజీవులు చేరాయి. మంటకు ఆపుకోలేకపోతోంది" అనెను. వైద్యుడు చెప్పిన దినములన్నియు తప్పక మందు వేసితిమి. వారము తిరుగకమునుపే రాణి యెప్పటివలె దొడ్డిలోనికి పోసాగినది. ఏటి ఆవలికి పోవలసిన కుక్క మా అరుగుమీదనే యుండిపోయినది.

మహాభారతము ఆదిపర్వమును వినినవారికి సరమ కథ జ్ఞాపకముండును. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా సరమ యను దేవశునకము కుమారుడు అచ్చటికి పోయెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు తల్లికడ కేగి, తాను హవిస్సును ముట్టలేదనియు, దానివంక చూడనైన లేదనియు చెప్పుకొని యేడ్చెను. సరమ సత్రయాగము జరుగుచోటికి వచ్చి, తప్పు చేయనివానిని కొట్టితిరి గావున మీకు కానరాని భయము వాటిల్లునని పలికిపోయెను. అంత గొప్ప యితిహాసము తన మొదటి భాగముననే ఒక కుక్కపిల్ల మొఱను చేర్చుకొన్నది. ఈ కథను నేను తరగతిలో ఎన్ని మారులో చెప్పితిని. కఱ్ఱ చేతికి వచ్చినప్పుడు మాత్రము అది స్ఫురింపలేదు.

ఇక విషయమునకు వత్తును. కుక్కకు పుట్టుకతోనే ఒక శుచిగుణము కలదు. కన్నులు తెఱచి నాలుగడుగులు వేయగలిగినది మొదలు పిల్ల తాను పండుకొను చోటికి దూరముగ పోయి మలమూత్రములు విడువజూచును. అట్టి జంతువు ఇంటిలో మూత్రము విడిచినచో దానికొక కారణముండితీరవలెను. ఆ కారణములు మూడు విధములు. మొదటిది, ఎచ్చట విడువవలెనో నేర్వకపోవుట. రెండవది, మనసులోని కలత. మూడవది, దేహమునందలి వ్యాధి లేక ముసలితనము. కుక్క ఈ మూటిలో దేనికి చెందినదో తెలిసికొనక చేయు చికిత్స యెల్ల చీకటిలో ఱాయి విసరుట వంటిది.

మొదటి విధము పిల్లలయందు కనబడును. కుక్కపిల్లకు పట్టు తక్కువ. దాని వయసు ఎన్ని నెలలో ఆ సంఖ్యకు ఒకటి కలిపిన, పగటివేళ అది ఆపుకొనగల గంటలు స్థూలముగ తెలియును. మూడునెలల పిల్ల నాలుగు గంటలకంటె ఎక్కువ ఆపుకొనునని ఆశింపరాదు. అనేకములు అంతవఱకును ఆపుకొనలేవు. నిద్రలేచినతోడనే, తిన్న పిమ్మట, నీరు త్రాగిన పిమ్మట, ఆట ముగిసిన పిమ్మట దానిని బయటికి తీసికొనిపోవలెను. నేలను మూచూచుచు చుట్టుచుట్టు తిరుగుట ఆరంభించినచో సమయము వచ్చినదని గ్రహింపవలెను. ప్రతిదినము ఒకే చోటికి, ఒకే త్రోవను తీసికొనిపోవుట మంచిది. అచ్చట దాని పూర్వపు వాసనయే దానికి గురువగును. పని ముగించిన మఱుక్షణముననే మెచ్చుకొని ఒక రొట్టెముక్కయో, ఉడికించిన గ్రుడ్డుముక్కయో పెట్టవలెను. ఇంటిలోనికి వచ్చిన తరువాత పెట్టినచో, ఇంటిలోనికి వచ్చినందుకు పెట్టినట్లు అది తలచును. ఇట్లు తప్పక చేసినచో చాల పిల్లలు కొలదినెలలలో దారికి వచ్చును. నడుమ నడుమ తప్పులు జరుగును. ఒక్క దినమున అక్షరములన్నియు నేర్చిన శిష్యుని నేనును చూడలేదు.

రెండవ విధము కొంచెము సూక్ష్మమైనది. ఎదిగిన మగకుక్క కాలెత్తి, స్తంభమునకో ధాన్యపు బస్తాకో కొలదికొలదిగ చల్లుచున్నచో, అది కడుపు భారము తీర్చుకొనుట కాదు. ఇది నా చోటు అని గుఱుతు పెట్టుట. ఆఱు నెలలు మొదలు ఏడాది లోపల, యౌవనము వచ్చునపుడు ఈ యలవాటు పుట్టును. ఇంటికి క్రొత్త జంతువు వచ్చినను, పొరుగున ఆడుకుక్క ఎదకు వచ్చినను ఇది హెచ్చును. ఆడుకుక్కలును కొన్ని ఇట్లు చేయును. వైద్యునిచేత బీజములు తీయించినచో అనేక మగకుక్కలలో ఈ యలవాటు తగ్గును. అలవాటు ముదురకమునుపే చేయించుట మేలు.

మఱికొన్ని చిన్నకుక్కలు యజమాని యింటికి రాగానే చెవులు వెనుకకు వాల్చి, వంగి, ఒక్కొక్కప్పుడు వెల్లకిల పడి మూత్రము జార్చును. ఇది పొగరు కాదు. నేను నీకు లోబడినదానను, నన్నేమియు చేయకుమని దాని భాషలో చేయు దండము. దానికి మనము కోపింపగా, చాలినంత లోబడలేదు కాబోలునని అది మఱింత జార్చును. అట్టిదానిని ఇంటిలోనికి వచ్చినతోడనే పలుకరింపక, కొంతసేపు ఊరకుండి, అటుపిమ్మట క్రింద కూర్చుండి, మీదికి వంగక, మెల్లగ గడ్డము క్రింద నిమురవలెను. వయసుతో చాలవఱకు ఇది మానును. దీపావళి టపాకాయలకును ఉఱుములకును హడలి మూత్రము విడుచు కుక్కను గూడ కొట్టరాదు. ఆ వేళ దానికొక మూలగదిలో చోటిచ్చి దగ్గఱ నెవరైన నుండుటయే తగిన పని.

మూడవది వ్యాధి. ఇచ్చటనే నేను పొరపడితిని గావున మీరు శ్రద్ధగ వినవలెనని కోరెదను. చాలకాలము శుచిగ నున్న కుక్క హఠాత్తుగ ఇంటిలో మూత్రము విడువసాగినచో, మొదట వ్యాధినే శంకింపవలెను. మాటిమాటికి కొంచెము కొంచెముగ విడుచుట, విడుచునపుడు ముక్కుట, రక్తము పడుట, అవయవమును పదే పదే నాకుకొనుట మూత్రాశయపు వ్యాధికి గుఱుతులు. సూక్ష్మజీవుల వలనను కలుగును, ఱాళ్ల వలనను కలుగును. ఆడుకుక్కలకు మూత్రమార్గము పొట్టిది గావున సూక్ష్మజీవులు సులభముగ లోపలికి ఎక్కును. మగకుక్కలకు ఆ మార్గము సన్నము గావున ఱాయి యడ్డుపడు ప్రమాదము హెచ్చు. కుక్క ఎంత ముక్కినను మూత్రము రాకున్నచో తెల్లవారనిమ్మని తలచుట ప్రాణాపాయము. గంటలలోనే వైద్యుని చేరవలెను.

ఎక్కువగ నీరు త్రాగి ఎక్కువగ మూత్రము విడుచుట వేఱొక గుఱుతు. మధుమేహము మనకువలెనే కుక్కలకును వచ్చును. మూత్రపిండములు చెడినను దాహము హెచ్చును. దురదకు వాడు కొన్ని మందులవలన గూడ హెచ్చును. దీనిని ఇంటియొద్దనే కొలిచి చూడవచ్చును. ఉదయమున గిన్నెలో కొలిచి నీరు పోయుడు. మఱునాటి ఉదయమునకు ఎంత త్రాగినదో లెక్కింపుడు. ఒక కిలో బరువునకు దినమునకు 100 మిల్లీలీటర్లు మించినచో అది వ్యాధిలక్షణము. అనగా పది కిలోల కుక్క లీటరుకంటె ఎక్కువ త్రాగినచో వైద్యునికి చూపవలెను. ఇంటిని తడుపుచున్నదని దానికి నీరు పెట్టక మానువారు కలరు. అది మహాపరాధము. మూత్రపిండముల వ్యాధి గల కుక్కకు నీరు మాన్పించినచో దాని ప్రాణమే పోవచ్చును.

పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించిన ఆడుకుక్కలలో కొన్నిటికి, కొంతకాలమునకు నిద్రలో మూత్రము కారును. లేచిన చోట తడి యుండును, దానికే తెలియదు. దీనికి మంచి మందులు కలవు. దీనికి జడిసి ఆ శస్త్రచికిత్సను మానుకొననక్కఱలేదు. ఇక ముసలితనమున కీళ్లనొప్పులచే లేవలేక విడుచు కుక్కలు కొన్ని. మతి తప్పి, గోడవంక చూచుచు నిలిచి, వాకిలి యెచ్చటనో మఱచి విడుచు కుక్కలు మఱికొన్ని. వీనికి తఱచుగ బయటికి తీసికొనిపోవుటయు, వాకిటికి దగ్గఱగ పడక యమర్చుటయు ఉపశమనము. వైద్యుని యొద్దకు పోవునపుడు వీలైనచో శుభ్రమైన పాత్రలో అప్పుడే పట్టిన మూత్రమును కొంచెము తీసికొనిపోయినచో పరీక్ష సులభమగును.

ఇప్పుడు శుద్ధిని గూర్చి చెప్పెదను. తడిని వెంటనే పాతగుడ్డతో అద్ది పీల్పవలెను. రుద్దినచో వ్యాపించును. పిమ్మట సబ్బునీటితో కడిగి, నీరు కలిపిన వెనిగరుతో తుడిచి ఆరనీయవలెను. మూత్రపు వాసనను మూలమట్టముగ విఱిచివేయు ఎంజైములు గల ద్రవములును అంగళ్లలో దొరకును. ఫినాయిలు మన ముక్కును మభ్యపెట్టును గాని కుక్కముక్కును మభ్యపెట్టజాలదు. పైగా అది పాదములకంటి, కుక్క నాకినచో హాని. అమోనియా గల ద్రవములు మూత్రపు వాసననే పోలియుండును గావున కుక్కను మరల అచ్చటికే పిలుచును. బ్లీచింగు పౌడరును మూత్రముమీద చల్లరాదు. రెండును కలిసినచో రొమ్మునకు హాని చేయు ఆవిరి పుట్టును. మట్టినేల యైనచో మూత్రము లోనికింకును. ఆ చోట పైమట్టిని గోకి పాఱవైచి, క్రొత్తమట్టి మెత్తి, ఎండిన పిమ్మట అలుకవలెను. వాసన మిగిలియున్నంతకాలము ఆ చోటు కుక్కకు పాయిఖానాయే.

శుద్ధి కేవలము ఆచారము కాదు. లెప్టోస్పైరోసిస్ అను రోగమును కలిగించు సూక్ష్మజీవులు ఎలుకల మూత్రమునందును, రోగము గల కుక్కల మూత్రమునందును ఉండును. తడినేలపై అవి చాలకాలము బ్రదుకును. కాళ్ల పగుళ్ల గుండను, చేతి గాయముల గుండను మనుష్యుని దేహమును ప్రవేశించును. జ్వరముతో మొదలై కాలేయమును, మూత్రపిండములను చెఱుపగలదు. కావున కుక్కమూత్రమును వట్టి కాళ్లతో త్రొక్కరాదు. శుభ్రము చేసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కుక్కలకు దీనికి టీకా కలదు. పిచ్చికుక్కరోగపు టీకా వేయించునపుడే దీనిని గూర్చియు అడుగుడు.

కడపట దండనను గూర్చి ఒక్కమాట. పూర్వము నుండి ఒక పద్ధతి యున్నది. కుక్కను ఈడ్చుకొనిపోయి దాని మూతిని ఆ తడిలో రాచి కొట్టుదురు. "తప్పు చేసినదని దానికి తెలియును, మొగము చూడుడు" అందురు. నేనును అట్లే అంటిని. 2009వ సంవత్సరమున న్యూయార్కులోని బర్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాలు 14 కుక్కలను పరీక్షించి ఒక వ్యాసమును ప్రకటించినది. యజమాని కుక్కను తినుబండారము ముట్టవలదని చెప్పి గది వెడలును. అతడు తిరిగి వచ్చునప్పటికి కుక్క తిన్నదనియో, తినలేదనియో అతనికి చెప్పుదురు. ఆ మాట ఒక్కొక్కప్పుడు నిజము, ఒక్కొక్కప్పుడు అబద్ధము. కుక్క తప్పు చేసినను చేయకున్నను, యజమాని కసరినప్పుడే అది నేరము చేసినదానివలె మొగము పెట్టినది. అనగా మనము పశ్చాత్తాపమని తలచునది మన కోపమును చూచి పుట్టిన భయమే. జరిగి గంట దాటిన తప్పునకు కొట్టిన దెబ్బ ఏ తప్పునకో కుక్క యెఱుగదు. కొట్టినవాని చేతిని మాత్రము ఎఱుగును. అటుపై అది మన కంటబడక మంచము క్రిందను, గాదె వెనుకను విడువ నేర్చును. మన దండన నేర్పిన విద్య అంతమాత్రమే.

కనుక పెద్దలారా, మీ యింట ఇట్టిది జరిగినచో కఱ్ఱకు ముందు తెల్లగుడ్డ తీయుడు. ఎప్పుడు, ఎచ్చట, ఎంత విడుచుచున్నదో నాలుగుదినములు వ్రాసి పెట్టుకొనుడు. రక్తమో, నొప్పియో, అతిదాహమో కనబడినచో ఆ నాలుగుదినములును ఆగక వైద్యునికి చూపుడు. పిల్లయైనచో నేర్పుడు. భయపడినదైనచో ధైర్యము చెప్పుడు.

రాణి ఆ తరువాత మూడేండ్లు బ్రదికినది. కడపటి యేడాది మరల ఇంటిలోనే మూత్రము జాఱెడిది. వైద్యుడు చూచి, ఇది వయసు అనెను. మా కోడలు వాకిటి ప్రక్కన దానికొక గోనెపట్టా పఱచి, ప్రతి ఉదయము తానే ఉతికి ఎండవేసెడిది. ఎవరును చీపురు పడవేయలేదు. నేను రాత్రి లేచినప్పుడెల్ల దానిని గూడ లేపి దొడ్డిలోనికి తీసికొనిపోయెడివాడను. ఇద్దఱమును వృద్ధులమే గావున ఒకరికొకరము తోడు. అది నన్ను క్షమించినదో లేదో చెప్పుటకు దానికి మాట లేదు. తోకమాత్రము ఆడించెడిది.